చెవులు భేష్, ఊరే గొణుగుతోంది

తిరుపతిలో యాభై దాటిన మగవాళ్లకు చెవుడు రాదు. వాళ్ల భార్యలు గొణగడం మొదలుపెడతారు, అంతే. పప్పు తెమ్మంటే కప్పు తెచ్చిచ్చిన పెద్దమనిషి తన తప్పేమీ లేదంటాడు, మాట వినపడింది కదా! నిజమే, అచ్చులు తక్కువ ఫ్రీక్వెన్సీలో దిట్టంగా పలుకుతాయి. ప, క, త, స లను విడదీసే సన్నని చప్పుడు ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. వయసుతో ముందు తగ్గేది అక్కడే.

ఇంట్లోవాళ్లు కుట్ర పన్ని వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు దగ్గరికి లాక్కెళితే, ముందు చెవిలోకి లైటు వేసి చూస్తారు. గుబిలి గడ్డకట్టి ఉంటే సంబరపడొచ్చు, కేసు అక్కడే కొట్టేసినా కొట్టేస్తారు. లేదంటే ఎర్రది కుడికి, నీలంది ఎడమకు హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి బటన్ ఇస్తారు. 1000 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ చప్పుడుతో మొదలు. వినపడి నొక్కితే 10 డెసిబెల్స్ తగ్గిస్తారు, వినపడకపోతే 5 పెంచుతారు. అలా పెంచుతున్నప్పుడు సగం సార్లయినా పట్టుకున్న అతి తక్కువ చప్పుడు ఆడియోగ్రామ్ అనే గ్రాఫుకెక్కుతుంది, కుడికి ఎర్ర సున్నా, ఎడమకు నీలం ఇంటూ. ఆడియాలజిస్టు చెయ్యి చూసి నొక్కేద్దామంటే కుర్చీ అటు తిప్పి ఉంటుంది. చప్పుళ్ల మధ్య విరామం కూడా ఒక్కలా ఉండదు. ఎంత అపనమ్మకం!

అసలు అన్యాయం బయటి చప్పుడు చొరబడని ఆ పరీక్ష గది. లీలామహల్ సర్కిల్ హారన్లలో బతికేవాడికి నిశ్శబ్దంలో పరీక్షేమిటి? సర్కిల్లోనే పెడితే ఇంకా ఘోరంగా తప్పుతాడన్నది వేరే సంగతి, ఇలాంటి చెవి మొదట చేతులెత్తేసేది రొదలోనే. గంగజాతరలో రాత్రంతా డప్పుల పక్కన నిలబడి పొద్దున్నే పరీక్షకు పోయినా లెక్క దిగజారుతుంది, మోతకు మొద్దుబారిన చెవి తేరుకోవడానికి టైము కావాలి.

రిపోర్టులో ‘మైల్డ్’ అని, అంటే కొద్దిపాటి చెవుడని వస్తుంది. 30 డెసిబెల్స్ అంటే 30 శాతం చెవుడని టీ కొట్టు దగ్గర తీర్మానించకూడదు, డెసిబెల్ శాతం కాదు. వెసులుబాటు ఒకటుంది. పాత లెక్కలో మైల్డ్ అంటే 26 నుంచి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దాన్ని 20 నుంచి 35 లోపుకు మార్చింది. 23 వచ్చినవాడు పాత కొలత పట్టుకుని ఇంట్లో అప్పీలుకు పోవచ్చు.

చెవి వెనక ఎముక మీద పెట్టే వైబ్రేటర్‌తో బాగా వినపడి, హెడ్‌ఫోన్‌తో వినపడకపోతే తంటా బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు, ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. రెండూ ఒకేలా పడిపోతే లోపలి చెవి. ఉన్నట్టుండి ఒక చెవి మూగబోతే మాత్రం వాదనలు మాని ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, ఆలస్యమయ్యేకొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది.

వినికిడి మిషను పెట్టుకుంటే ముసలోడంటారని భయం. వీధి మొత్తానికీ వార్తలు వినిపించే టీవీ సౌండుతో కుర్రాడనుకుంటారు కాబోలు. ఆన్‌లైన్లో చవగ్గా తెప్పించిన మిషను మిక్సీ మోతను కూడా పెంచి చెవిలో పోస్తుంది, ఆడియోగ్రామ్ చూసి సర్దినదైతేనే పనికొస్తుంది. అదీ వద్దంటే ఇంట్లో ఒప్పందం రాసుకోవాలి: మాట్లాడేటప్పుడు మిక్సీ, టీవీ ఆపాలి, వంటింట్లోంచి కేకెయ్యకుండా ఎదురుగా వచ్చి చెప్పాలి. ఇంటావిడ సంతకం పెట్టేముందు ఒక షరతు చేరుస్తుంది: “సరే, పిలిస్తే ఒక్కసారికే లేచి రావల్ల.”