సవరణ: వయ వందన కార్డులో 5 లక్షలు మనిషికి కాదు

70 ఏళ్లు దాటినవాళ్లకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద, ఒక్కొక్కరికీ ఏడాదికి రూ.5 లక్షల వైద్యం ఉచితమని మొన్న రాశాను. అది తప్పు, సరిగ్గా చదవకుండా పెట్టేశాను. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన వివరాల ప్రకారం ఆ 5 లక్షలు కుటుంబానికి. ఇంట్లో అవ్వా తాతా ఇద్దరూ 70 దాటితే ఆ మొత్తం ఇద్దరికీ కలిపే. ఆదాయ పరిమితి లేదన్న మాట మాత్రం నిజమే. ఇంట్లో ఇప్పటికే ఆయుష్మాన్ భారత్ ఉంటే, పెద్దవాళ్లకు ఈ 5 లక్షలు అదనం. 70 లోపువాళ్లతో పంచుకోనక్కర్లేదు.

ఇంకొకటి. "ఉచితం" అంటే ఓపీ కూడా అనుకుని కర్నూలులో కొందరు ఆస్పత్రి కౌంటర్ దగ్గర గొడవపడ్డారట. ఈ కార్డు అడ్మిట్ అయినప్పుడే. చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు మాత్రం అందులోకే వస్తుంది. బీపీ, షుగర్‌కు నెలనెలా కొనే మాత్రలు రావు. అసలు ఇళ్లలో చేతులు కాలేది అక్కడే, కానీ దానికి కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఏం చేస్తుంది? రూల్ ఆమె పెట్టింది కాదు. పాత పోస్టు ఫార్వర్డ్ చేసినవాళ్లు దీన్నీ పంపండి.