మర్యాద తెలియని ఎక్సెల్

మా గోదావరి వైపు పక్కింటి కుక్కని అదిలించినా చివర ఒక 'అండి' తగిలిస్తాం. అలాంటి డెల్టాలోకి ఎప్పుడో 1985లో పుట్టిన ఎక్సెల్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చి, పెద్దా చిన్నా చూడకుండా మనుషుల మొహం మీదే కేకలేస్తుంటే ఎవరూ మాట్లాడకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

భీమవరం దగ్గర మాకో రెండెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. పాతికేళ్లుగా లెక్కలన్నీ పుస్తకంలో రాస్తున్నాను, ఆ పుస్తకం ఒక్కనాడూ నన్ను తప్పు పట్టలేదు. మొన్న సంక్రాంతికొచ్చిన మేనల్లుడు అవన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి వెళ్లాడు, అక్కణ్నుంచి మొదలైంది టెన్షన్.

మొదటి రోజు ఫార్ములా రాస్తే రాసింది రాసినట్టే కూర్చుంది, లెక్క రాలేదు. ఫోన్ చేస్తే, "మావయ్యా, ముందు సమానం గుర్తు పెట్టారా?" అన్నాడు. దణ్ణం పెట్టకపోతే పని చెయ్యదన్నమాట, సరే, అదీ ఒక మర్యాదే కదా అని పెట్టాను. తర్వాత కూడికకి వాడే 'సమ్' బదులు 'సామ్' అని కొట్టానేమో, '#నేమ్?' అంది. పేరడుగుతోంది కాబోలని ఇంటిపేరుతో సహా టైప్ చేశాను. (నవ్వకండి, ప్రశ్నార్థకం పెట్టి పేరడిగితే మీరైనా చెప్తారు.) ఇంకోరోజు ఖర్చుల గడి నిండా హ్యాష్ గుర్తులు కనబడేసరికి డబ్బంతా ఆవిరైపోయిందనుకున్నా. తీరా చూస్తే తప్పేం లేదు, గడి ఇరుకు, అంతే. కాలవ గట్టు జరిపినట్టు దాని గీత పట్టుకుని పక్కకి లాగితే అంకె బయటపడింది. ఆ ముక్క నోటితో చెప్తే అరిగిపోతుందా?

పోనీ అరవాల్సిన చోటైనా అరుస్తుందా అంటే, అదీ లేదు. మేత వరసలో కొన్ని గడుల్లో 25 అని, కొన్నిట్లో శుభ్రంగా '25 కేజీలు' అని రాశాను. అక్షరాలు కలిస్తే అది అంకె కాదట, సమ్ ఆ గడుల్ని లెక్కలోకే తీసుకోలేదు, పైగా కిక్కురుమనలేదు. మేత ఇంత తక్కువైందేంటని మురిసిపోయి కుర్రాళ్లకి బిర్యానీ కూడా పెట్టించాను. మేత బిల్లు వచ్చాక తెలిసింది.

ఇక ఎఫ్‌సీఆర్ సంగతి. వేసిన మేతని పట్టిన రొయ్యల బరువుతో భాగిస్తే వచ్చేది అదే, ఒకటిన్నర దాటితే ఎవరికైనా గుండె దడ. పట్టుబడి ఇంకా కాలేదు కాబట్టి ఆ గడి ఖాళీ, ఖాళీ అంటే దాని దృష్టిలో సున్నా, అంచేత పొద్దున్నే షీట్ తెరిస్తే '#డివ్/0!' అని తిట్టు. "ఆయ్, సున్నాతో భాగించమంటే ఎలాగండి బాబూ" అనొచ్చుగా! గోదావరి జిల్లాలకి వేరే ఎక్సెల్ కావాలని అర్జీ కూడా రాసుకున్నాను.

అర్జీ పంపేలోపే మేనల్లుడు ఇఫ్‌ఎర్రర్ అని ఒకటుందని చెప్పాడు. తప్పు ఏదొచ్చినా దాని నోరు మూసి, మనం చెప్పిన మాట పలికిస్తుందట. "అన్నిటికీ అదే వాడెయ్యకండి మావయ్యా, అసలు తప్పు కూడా కనబడదు" అని ఏదో అన్నాడు గానీ అప్పటికే ఫోన్ పెట్టేశాను. ఎఫ్‌సీఆర్ గడిలో 'ఇంకా పట్టుబడి కాలేదండి' అని రాయించాను. ఎంత ముద్దుగా ఉందో! మా ఆవిడని పిలిచి మరీ చూపించాను.

మొన్న చెరువు పట్టేశాం. కాటా అయింది, ఐసు వేశారు, లారీ వెళ్లిపోయింది. పట్టుబడి గడిలో '2 టన్నులు' అని నా చేత్తో నేనే కొట్టి, ఎఫ్‌సీఆర్ ఎంతొచ్చిందా అని చూశాను.

'ఇంకా పట్టుబడి కాలేదండి' అంది.