బల్బు వెలగలేదంటే వస్తువులోంచి కరెంట్ పారనట్టేనా?

వారం నుంచి మా ఊరి గ్రూపులో ఒకటే వీడియో తిరుగుతోంది. ఒకాయన రెండు సెల్లులు, ఒక టార్చి బల్బు, వైరు ముక్కలు పెట్టుకుని ఇంట్లో వస్తువులన్నీ పరీక్ష చేస్తాడు. మేకు పెడితే వెలిగింది. కర్ర, రబ్బరు చెప్పు, గ్లాసులో నీళ్లు పెడితే వెలగలేదు. ఇక ఆయన తీర్పేంటంటే, లోహాల్లోంచి మాత్రమే కరెంట్ పోతుందట, కాబట్టి చెప్పులేసుకుని కర్రతో ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు మనమే వేసుకోవచ్చట. దేవరకొండ వైపు మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ని, ఇది చూసి ఊరుకోలేకపోయాను.

"వెలగలేదు కాబట్టి కరెంట్ పోలేదు" అన్న దగ్గరే అసలు తప్పుంది. ఆ టార్చి బల్బు వెలగాలంటే రెండు మూడు వందల మిల్లీ ఆంపియర్లు కావాలి, మనిషి ప్రాణం పోవడానికి అంత అక్కర్లేదు, అందుకే ఇళ్లలో షాక్ నుంచి కాపాడటానికి పెట్టే ఆర్‌సీసీబీని 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు సప్లై ఆపేసేలా తయారు చేస్తారు. పైగా ఆయన సెల్లులు రెండూ కలిపి 3 వోల్టులే. ఇంట్లో 230, బోరు మోటారుకు 415, ట్రాన్స్‌ఫార్మర్ పైకి వచ్చే లైన్ 11 వేలు. మోటారు ఇన్సులేషన్ చూడాలంటే మేం కూడా సెల్లు పెట్టం, 500 వోల్టులు పెట్టి పరీక్ష చేసే మెగ్గర్ అనే మీటరు పెడతాం. మామూలు మీటరులో శుభ్రంగా కనపడ్డ తడి మోటారు మెగ్గర్ పెట్టగానే సున్నా, అంటే ఇన్సులేషన్ పోయిందని, చూపించడం నాకు కొత్త కాదు.

లోహాలే అన్నాడు కదా, పెన్సిల్‌ని రెండు వైపులా చెక్కి ములుకుకు వైర్లు తగిలించమనండి, వెలుగు మసకగానైనా వస్తుంది. అదే మా షాపులో వైండింగ్ వైరు ముక్క ఇస్తే అస్సలు వెలగదు, పైన ఎనామెల్ పూత ఉంటుంది, గీకితేనే రాగి తగులుతుంది. ఆయన లెక్కన రాగి కూడా ఇన్సులేటరే!

నీళ్ల విషయానికొస్తే, డిస్టిల్డ్ నీళ్లలో కరెంట్ దాదాపు పోదు, నిజమే. మరి మన పొలాల్లో ఉన్నది బోరు నీళ్లు. నల్గొండ అనగానే అందరూ ఫ్లోరైడే అంటారు గానీ, కరెంట్ పోవడానికి అదొక్కటే కాదు, నీళ్లలో కరిగిన ఉప్పులన్నీ పనికొస్తాయి. సెల్లులు నాలుగు చేసి, బల్బు తీసి చిన్న ఎర్ర ఎల్‌ఈడీ సరిగ్గా తగిలించి, గ్లాసులో ఇంత ఉప్పు వేసి చూడండి. అవే నీళ్లు, ఈసారి వెలుగుతుంది.

చెప్పు సంగతి టెస్టరే చెబుతుంది. చెప్పులేసుకుని ఫేజు మీద టెస్టర్ పెట్టినా దీపం వెలుగుతుంది కదా, అది వెలిగేది మన ఒంట్లోంచి పోయే కాస్త కరెంట్‌తోనే. టెస్టర్ లోపల పెద్ద రెసిస్టెన్సు ఉంది కాబట్టి మనకు తెలియట్లేదు. అరిగి, మడిలో తడిసి, అడుగున మేకు దిగిన హవాయి చెప్పును నమ్ముకోవడమేంటి?

కర్ర మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. ఇంట్లో ఎవరికైనా షాక్ కొట్టి మెయిన్ ఆపే వీలు లేకపోతే, బాగా ఎండిన కర్రతో వైరు తప్పించవచ్చు. పచ్చి కర్రలో రసం ఉంటుంది, వానకు తడిసింది ఇంకా అన్యాయం. ఇక 11 వేల వోల్టుల దగ్గర ఎండింది కూడా పనికిరాదు, ఆ లైన్ తెగి పడితే దగ్గరికే పోవద్దు.

పిల్లలకు సెల్లులతో ఈ ప్రయోగం చేయించండి, మంచిదే. దాన్ని తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌కు అతికించడమే నాకు మండింది.

వీడియో కింద ఒకాయన "ఇరవై ఏళ్లుగా కర్రతోనే వేస్తున్నాం, ఏం కాలేదు" అని రాశాడు. అన్నా, ఆ రోజుల్లో నీ కర్ర ఎండి ఉంది, నువ్వు నిలబడ్డ నేల ఎండి ఉంది. ఈసారి ఫీజు పోతే లైన్‌మన్‌కు ఫోన్ చెయ్, ఎత్తకపోతే కరెంట్ ఫిర్యాదుల నంబరు 1912కు చెయ్. మడి ఒక్క పూట ఆగుతుంది.