విండోస్ 11కి మారాలా? ముందు ఆ సిస్టమ్ ఏ పనికి వాడుతున్నారో చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. ట్యాలీ తెరుచుకుంది, పేజ్‌మేకర్ తెరుచుకుంది, ప్రింటర్ ఎప్పటిలాగే కాగితం లాగింది. దాంతో చాలా చిన్న ఆఫీసుల్లో, డీటీపీ సెంటర్లలో ఈ విషయం పక్కన పడింది. మరికొన్ని చోట్ల ఉన్న సిస్టమ్‌లన్నీ మార్చెయ్యాలన్న కంగారు మొదలైంది. ఈ రెండూ సరికావు. ఒకే షాపులో నాలుగు సిస్టమ్‌లుంటే నాలుగింటికీ ఒకే జవాబు ఉండదు. బ్యాంకు లావాదేవీలు, జీఎస్‌టీ రిటర్నులు చేసేది ముందుగా మారాలి. పాత తెలుగు ఫాంట్లతో పేజీలు కట్టేది అన్నిటికన్నా చివర మారాలి, అసలు మారకపోయినా ఫర్వాలేదు.

మద్దతు ఆగిందంటే ప్రతినెలా రెండో మంగళవారం వచ్చే భద్రతా ప్యాచ్‌లు, అంటే లోపలి కన్నాలను పూడ్చే అప్‌డేట్లు, ఆగాయని అర్థం. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. విండోస్ 10, 11 లోపలి కోడ్ చాలావరకు ఒకటే. 11 కోసం విడుదలైన ప్యాచ్‌ను విప్పి చూస్తే కన్నం ఎక్కడుందో దాడిచేసేవాడికి తెలిసిపోతుంది. అదే కన్నం 10లోనూ ఉంటే అక్కడ దాన్ని పూడ్చేవారు ఉండరు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై వైరస్ విరుచుకుపడింది మే 12న. దాన్ని అడ్డుకునే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. మధ్యలో రెండు నెలలున్నా వేసుకోని చోట్ల ఫైళ్లు తాళం పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లూ అందులో ఉన్నాయి. అంటే కాపాడేది కొత్త వెర్షన్ కాదు, ప్యాచ్. విండోస్ 11 వేసుకుని అప్‌డేట్లు ఆపేసుకున్నవారి పరిస్థితి కూడా అంతే. ఇక విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కు వైరస్ నిర్వచనాలు 2028 అక్టోబరు దాకా వస్తాయి కదా అంటే, అవి తెలిసిన దొంగను గుర్తుపడతాయి తప్ప విరిగిన గడియను బాగుచేయవు.

వెంటనే మారలేనివారికి ఒక ఏడాది వెసులుబాటు ఉంది. ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) పేరుతో వ్యక్తిగత వాడకందారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు అందుతాయి. సిస్టమ్‌లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, అడ్మిన్ హక్కులున్న మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరడానికి లింకు కనిపిస్తుంది. దారులు మూడు: సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే ఉచితం, లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లు, లేదంటే 30 డాలర్లకు సమానమైన స్థానిక ధర. ఒక ఖాతా మీద పది సిస్టమ్‌ల వరకు చేర్చవచ్చు. ఉచిత దారిలో వెళ్లేవారు ఒకటి గమనించాలి. బ్యాకప్ తెరలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లకు విడిగా స్విచ్‌లుంటాయి. వాటిని ఆపి సెట్టింగ్స్ ఒక్కటే ఉంచాలి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీ. ఫ్లెక్సీ డిజైన్లు నాలుగు పడితే నిండిపోతుంది. డొమైన్‌లో, అంటే సంస్థ సర్వర్ అదుపులో, చేర్చిన ఆఫీసు సిస్టమ్‌లకు ఈ పథకం వర్తించదు. సంస్థల ధర వేరు: మొదటి ఏడాది సిస్టమ్‌కు 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు.

మారదామనుకున్నాక మొదటి ప్రశ్న సిస్టమ్ ఒప్పుకుంటుందా అని. ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి స్థూలంగా అర్హత. ప్రాసెసర్ నంబరు చూస్తే తెలుస్తుంది: ఐ5-7400 ఏడో తరం, ఐ5-8400 ఎనిమిదో తరం, ఐ3-10100 పదో తరం. ఎనిమిదో తరం ఉండి కూడా ‘అర్హత లేదు’ అని చూపిస్తే కొత్తది కొనేయకండి. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ చేసే పని ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండి, బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లో) ఆపేసి ఉండటం మామూలే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది. ఆన్ చేస్తే ఆ అడ్డంకి పోతుంది.

అసెంబుల్డ్ సిస్టమ్‌లలో అసలు తలనొప్పి ఇంకొకటి. బోర్డు విండోస్ 11కి కావాల్సిన యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతికి పనికొచ్చేదే అయినా, అలవాటు కొద్దీ పాత లెగసీ మోడ్‌లో, ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించిన డిస్క్ మీద విండోస్ వేసి ఇచ్చినవి కోకొల్లలు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ ఎదుట లెగసీ అని ఉంటే మీదీ అదే కోవ. డేటా పోకుండా డిస్క్‌ను యూఈఎఫ్‌ఐకి కావాల్సిన జీపీటీ పద్ధతికి మార్చడానికి ఎంబీఆర్2జీపీటీ అనే ఉపకరణం విండోస్‌లోనే ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి ముందు వాలిడేట్, అది సరేనంటేనే కన్వర్ట్. మన దగ్గర అది మొరాయించేది వాలిడేట్ దగ్గరే. సీ, డీ, ఈ, ఎఫ్ అని డ్రైవ్‌లు పంచి ఇచ్చినప్పుడు వెనకటివి ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల లాజికల్ డ్రైవ్‌లుగా పడి ఉంటాయి. ఆ ఉపకరణం వాటిని ఒప్పుకోదు, మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లున్నా ఒప్పుకోదు. అప్పుడు డేటా మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేసుకుని, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసుకోవడమే నయం. మార్పిడి సక్రమంగా జరిగినా వెంటనే బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎమ్ (పాత లెగసీ బూట్‌ను నడిపే సెట్టింగ్) ఆపి యూఈఎఫ్‌ఐ పెట్టాలి. లేకపోతే బూట్ డిస్క్ లేదన్న సందేశం వస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు, భయపడి ఫార్మాట్ చేయకండి. మరీ పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే సీఎస్‌ఎమ్ ఆపగానే తెర నల్లగా ఉండిపోతుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే, కార్డు తీసి, బోర్డు మీది వీజీఏ లేదా హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే సరిపోతుంది.

అర్హత లేని సిస్టమ్‌లలో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో తనిఖీలు తప్పించి విండోస్ 11 వేయడం కూడా జరుగుతోంది. వేస్తే నడుస్తుంది. కానీ అలాంటి సిస్టమ్‌కు అప్‌డేట్లు ఇస్తామన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌ను మళ్లీ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని చేత్తోనే వేసుకోవాల్సి రావచ్చు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ4.2 ఆదేశాలు లేకపోతే బూటే కాదు కాబట్టి కోర్ 2 డ్యుయో కథ అక్కడితో సరి. ఇంట్లో పిల్లల పాఠాలకు ఇలా నెట్టుకురావచ్చు. పదిమంది క్లయింట్ల పాస్‌వర్డ్లు, డిజిటల్ సంతకాలు ఉన్న సిస్టమ్ మీద మాత్రం ఈ పని చేయడం నా దృష్టిలో బాధ్యత గల పని కాదు.

ఇక తెలుగు డీటీపీ సంగతి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, స్థానిక పత్రికలు, దస్తావేజులు ఇప్పటికీ ఎన్నో చోట్ల పేజ్‌మేకర్ 7 మీద, తెలుగు ఫాంట్లు, కీబోర్డు ఇచ్చే అను స్క్రిప్ట్ మేనేజర్‌తో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది 32 బిట్ ప్రోగ్రామ్ కనుక 64 బిట్ విండోస్ మీద నడవడానికి సిద్ధాంతరీత్యా అడ్డు లేదు. అడ్డంతా దాని చుట్టూ ఉన్నవాటితోనే. విండోస్ 11కి 32 బిట్ రూపమే లేదు. పాత 16 బిట్ ఇన్‌స్టాలర్లు, డాస్ బిల్లింగ్ ప్రోగ్రాములు అందులో తెరుచుకోవు. ఇప్పుడున్నది 32 బిట్ విండోస్ 10 అయితే నేరుగా అప్‌గ్రేడ్ కూడా కుదరదు, కొత్తగా వేయాల్సిందే.

రెండోది టైపింగ్. కొత్తగా వేశాక పేజ్‌మేకర్ మొండికేస్తే, దాన్ని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ చేయడం అందరూ చెప్పే చిట్కా. అలా చేయగానే తెలుగు పడటం మానేసి ఇంగ్లిషు అక్షరాలు పడతాయి. ఫాంటు పోయిందని మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. పోయింది ఫాంటు కాదు. మామూలు హోదాలో నడిచే ప్రోగ్రామ్, అడ్మిన్ హోదాలో ఉన్న కిటికీ జోలికి వెళ్లకుండా విండోస్ అడ్డుకుంటుంది. కాబట్టి తెలుగు టైపింగ్ నడిపే అను స్క్రిప్ట్ మేనేజర్‌నూ అదే హోదాలో నడపాలి, లేదా రెండింటినీ మామూలుగానే ఉంచాలి.

మూడోది డాంగిల్, అంటే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి సిస్టమ్‌కు గుచ్చే లాక్. ఏళ్ల నాటి హార్డ్‌వేర్ లాక్ డ్రైవర్లను విండోస్ 11లోని మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటు రానివ్వకపోవచ్చు. కొత్తగా వేసిన సిస్టమ్‌లలో అది ముందే ఆన్ అయి ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ తెరిచి దాన్ని ఆపేస్తే లాక్ పనిచేస్తుంది, నిజమే. కానీ ఏ భద్రత కోసం మారామో దాన్నే ఆపుకుని కూర్చోవడం అవుతుంది. అలాంటి సిస్టమ్‌ను విండోస్ 10 మీదే ఉంచి, నెట్ కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి, పేజీల పనికే వాడటం మేలు. డిస్క్ మొత్తానికి ఒక ఇమేజ్ బ్యాకప్ తీసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ సీడీలు, డాంగిల్ డ్రైవర్లు మళ్లీ దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి ఆటోప్లే ఆపి, కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేశాకే గుచ్చాలి. ఈ సర్కస్ అంతా ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక అక్షర పద్ధతి యూనికోడ్‌కి మారనంతకాలం తప్పదు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకుంటే యూనికోడ్ తెలుగు ఒత్తులతో సహా సరిగ్గా వస్తోంది. కొత్త పనులైనా అందులో మొదలుపెట్టకపోతే ఇంకో పదేళ్లకు ఇదే చర్చ మళ్లీ చేయాలి.

యూనికోడ్ వాడేవారికీ చిన్న చిక్కు ఉంది. విండోస్ 11 కొత్తగా వేస్తే గౌతమి, వాణి ఫాంట్లు వాటంతట అవి రావు. గౌతమిలో చేసిన పాత వర్డ్ ఫైలు నిర్మల ఫాంటులో తెరుచుకుని, ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి జారుతుంది. ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే కుదురుకుంటుంది.

అకౌంట్స్ సిస్టమ్‌ను మార్చేటప్పుడు తేదీ చూసుకోవాలి. నెలవారీ దాఖలు చేసేవారికి జీఎస్‌టీఆర్-1 గడువు 11, 3బీ గడువు 20. కాబట్టి 21 దాటాకే చేతులు పెట్టండి. ఫార్మాట్ కొట్టేట్టయితే ముందుగా ట్యాలీలో లైసెన్స్ సరెండర్ చేయాలి, కొత్త విండోస్‌లో మళ్లీ యాక్టివేట్ చేయాలి. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది కనుక పోదు. టోకెన్ డ్రైవర్, జీఎస్‌టీ పోర్టల్‌లో సంతకం చేయించే ఇఎమ్‌సైనర్ మాత్రం మళ్లీ వేసుకోవాలి. వేలిముద్ర పరికరం ఉన్న సేవా కేంద్రాల్లో దాన్ని ఆధార్‌కు కలిపే ఆర్‌డీ సర్వీసు ప్రోగ్రామ్ సంగతీ అంతే.

అప్‌గ్రేడ్‌కు ముందు సీ డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ, పనిచేసే యూపీఎస్ ఉండాలి. మధ్యలో కరెంటు పోతే చాలాసార్లు పాతదానికి తిరిగి వస్తుంది గానీ ప్రతిసారీ రాదు. నచ్చకపోతే పది రోజుల్లోపు రికవరీ పేజీలో ‘గో బ్యాక్’ నొక్కవచ్చు. ఈలోగా డిస్క్ క్లీనప్‌తో పాత విండోస్ ఫోల్డర్ తుడిచేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ర్యామ్ 4 జీబీ చాలని కంపెనీ చెబుతుంది. 8 లేకుండా, ఎస్ఎస్‌డీ లేకుండా వేస్తే బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ తిట్టుకోవాలి. ఖర్చు పెట్టాల్సింది ముందు అక్కడ.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేయగలది డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్. 24హెచ్2 నుంచి కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ చెప్పాపెట్టకుండా ఆన్ అవుతుంది. 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలో చేరుతుంది. సర్వీస్ సెంటర్ కుర్రాడు తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో సెటప్ పూర్తిచేసి ఇచ్చి ఉంటే, రేపు బయోస్ అప్‌డేట్ అయి తెర మీద ఆ కీ అడిగినప్పుడు సమాధానం మీ దగ్గర ఉండదు. కీ లేకపోతే డేటా తీసే మార్గం లేదు. సిస్టమ్ ఇంటికి తెచ్చిన రోజే ఏ ఖాతాతో ఉందో చూసి, కీని కాగితం మీద ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి.

బ్రౌజింగ్, మెయిల్, వీడియోలకే వాడే పాత సిస్టమ్‌కు విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ బాగానే సరిపోతుంది. అందులో టైపింగ్ కోసం వాడే ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు ఉన్నాయి కాబట్టి తెలుగు టైపింగ్‌కు లోటు లేదు. ట్యాలీ, డాంగిల్ అవసరమైనచోట ఆ ఆలోచన వద్దు.

కొత్తది కొనక తప్పదనుకుంటే స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌ల దగ్గర ఒక్క క్షణం ఆగండి. బ్యాటరీ బాగా నిలుస్తుంది, మామూలు ప్రోగ్రాములు ఎమ్యులేషన్‌లో నడిచిపోతాయి. డ్రైవర్లు మాత్రం ఆ ప్రాసెసర్ల రకమైన ఏఆర్ఎమ్ కోసం ప్రత్యేకంగా రాసినవే కావాలి. ఇరవై ఏళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్న లేజర్ ప్రింటర్‌కు అలాంటి డ్రైవర్ ఎవరూ రాసి ఉండకపోవచ్చు. డబ్బు కట్టకముందే మీ ప్రింటర్, టోకెన్, డాంగిల్ షాపుకే పట్టుకెళ్లి తగిలించి, ఒక టెస్ట్ పేజీ తీయించుకోండి.