సంగీతంలో మా బడికి ఎ ప్లస్

మా ఊరి హైస్కూల్లో సంగీత విద్య దివ్యంగా సాగుతోంది. నమ్మకం లేనివాళ్ళు రికార్డులు తిరగేసుకోవచ్చు. టైంటేబుల్లో శనివారం ఆఖరి పీరియడ్‌కి ఎదురుగా 'సంగీతం' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ప్రోగ్రెస్ కార్డులో 'కళలు, సాంస్కృతిక విద్య' అని ఒక గడి ఉంది, ఆ గడిలో గ్రేడు ఉంది. స్టాకు రిజిస్టర్లో హార్మోనియం ఉంది. ఇన్‌ఛార్జ్ మాస్టారు ఉన్నారు. లేనిదల్లా సంగీతమే. ఇన్ని ఉన్నచోట ఆ ఒక్కటీ లేదని గింజుకోవడం పెద్దమనుషుల లక్షణం కాదు.

మాది బొబ్బిలికి దగ్గర్లోని పల్లె. ఈ చుట్టుపక్కల పాటకు ఎప్పుడూ కరువు లేదు. 1919లో విజయనగరం రాజావారు సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌ని చేశారు. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వేంకటస్వామినాయుడు గారి వయొలిన్ విని, ఏకంగా అధ్యాపకుడిగా పెట్టేసుకున్నారు. టెట్‌లో ఎన్ని మార్కులు, బీఈడీ ఏ సంవత్సరం, లోకలా నాన్‌లోకలా అని అడిగిన నాథుడు లేడు. ఎంత అక్రమమో చూడండి. ఆ అక్రమం పునాది మీదే ఆ కళాశాల నిలబడి, తర్వాత్తర్వాత ఘంటసాలకూ సుశీలకూ చదువు చెప్పింది. ఇప్పుడైతే ఆ నియామకం మీద కోర్టులో కేసు పడి, పోస్టు పదేళ్ళు ఖాళీగా ఉండేది.

మా బడిలో అలాంటి పిచ్చిపనులు జరగవు. సంగీతానికి ఫిజికల్ సైన్స్ మాస్టారిని ఇన్‌ఛార్జ్‌గా వేశారు. ఎందుకంటే ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేది ఆయనే. పౌనఃపున్యం, కంపన పరిమితి అన్నీ బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తారు. శ్రుతి ఎన్ని హెర్ట్జ్‌లో లెక్కగట్టగల మనిషికి శ్రుతిలో పాడటం కూడా రావాలనడం అత్యాశ. మొదట పీఈటీ గారిని అనుకున్నారట, రోజూ విజిల్ ఊదే మనిషి కాబట్టి ఊపిరికి లోటుండదని. ఆయనకు అప్పటికే మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే డ్యూటీ ఉండటంతో బతికిపోయారు.

అసలు సంగీతం మాస్టారినే వేయొచ్చు కదా అని ఒకాయన తల్లిదండ్రుల మీటింగులో అడిగాడు. పాపం, చట్టం చదువుకోలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో స్పష్టంగా ఉంది: ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే కళావిద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. మా బడిలో ఆ మూడు తరగతులూ కలిపినా అరవై దాటరు. నూటొకటో పిల్లాడు వచ్చి చేరిన రోజునే మిగతా వందమందికీ గొంతు పుడుతుందని చట్టం ఉద్దేశం. ఆ పిల్లాడు పక్క మండలంలో ప్రైవేటు స్కూలు బస్సెక్కి రోజూ మా బడి ముందు నుంచే వెళ్తున్నాడు. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపుతాడు.

2020 జాతీయ విద్యా విధానాన్ని మాత్రం మావాళ్ళు అక్షరాలా అమలు చేస్తున్నారు. కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు ఉండకూడదని ఆ విధానం అంటుంది. మావాళ్ళు ఆ గోడ పూర్తిగా పడగొట్టేశారు. ఇప్పుడు లెక్కల మాస్టారు అడ్డూ ఆపూ లేకుండా శనివారం సంగీతం పీరియడ్‌లోకి నేరుగా వచ్చేస్తున్నారు. పదో తరగతికి సిలబస్ కాలేదు, రిజల్ట్ తగ్గితే మెమో వస్తుంది, ఆయన టెన్షన్ ఆయనది. త్రికోణమితి సూత్రాలు పిల్లలచేత కోరస్‌గా చెప్పిస్తారు కాబట్టి సాంకేతికంగా బృందగానం జరిగినట్టే.

ఇక గ్రేడ్ల సంగతి. సంగీతం నేర్పకుండా గ్రేడు ఎలా వేస్తారని అనుమానం రావచ్చు. దానికో శాస్త్రీయ పద్ధతి ఉంది. లెక్కల్లో తొంభై దాటినవాళ్ళకు కళల్లో ఎ ప్లస్. డెబ్భై దాటితే ఎ. మిగిలినవాళ్ళకు బి. గైర్హాజరు ఎక్కువున్నవాళ్ళకు సి. మొన్న ఒకమ్మాయి తన కార్డు చూసుకుని, "మాస్టారూ, నేనెప్పుడూ పాడలేదు కదండీ, ఎ ప్లస్ వేశారేంటండీ?" అంది. "పాడితే తగ్గించేవాణ్ణమ్మా" అన్నారాయన. నవ్వుతూనే అన్నారులెండి.

హార్మోనియం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మా సంగీత విభాగం స్థిరాస్తి అదే. పూర్వ విద్యార్థులు కలుసుకున్న ఒక ఆదివారం, బిరియానీ తిన్న ఉత్సాహంలో చందాలేసుకుని కొనిచ్చారు. ఆ రోజు దాన్ని ఒకసారి వాయించారు, ఫొటో ఉంది. మర్నాడు హెడ్మాస్టారు గదిలో ఇనప బీరువాలోకి వెళ్ళింది. ప్రభుత్వ ఆస్తి పాడైతే ఇన్‌ఛార్జ్ జీతంలోంచి రికవరీ పెడతారన్న భయం ఒకటి ఉంటుంది కదా. వాయిస్తే పాడయ్యే ప్రమాదం ఉంది, వాయించకపోతే లేదు. ఈ తర్కంలో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ దొరకలేదు.

ఒకసారి కమిటీ మీటింగుకు వెళ్ళినప్పుడు ఏదో రిజిస్టర్ కోసం ఆ బీరువా తెరిస్తే చూశాను. హార్మోనియం మీద మధ్యాహ్న భోజనం కోడిగుడ్ల ట్రేలు నాలుగు. పక్కన చిక్కీల అట్టపెట్టె. చిక్కీల కోసం వచ్చిన ఎలుకలు దారిలో తిత్తిని కూడా రుచి చూసినట్టున్నాయి, అరచెయ్యి పట్టేంత కన్నం. మెట్ల మీద పగిలిన గుడ్డు సొన ఎండి పసుపుపచ్చగా గట్టిపడింది, 'గ' నుంచి 'ప' దాకా. అయినా ప్రతి మార్చిలోనూ స్టాకు వెరిఫికేషన్లో దాని ఎదురుగా 'పనిచేయు స్థితిలో ఉన్నది' అని రాస్తున్నారు. రాయక చస్తారా? పనిచేయడం లేదని రాస్తే ఎందుకు చేయడం లేదో రాయాలి, కమిటీ వేయాలి, తీర్మానం చేయాలి, పై నుంచి అనుమతి రావాలి, వేలం పెట్టాలి. అంతకంటే హార్మోనియం పనిచేస్తోందని నమ్మడం తేలిక.

హార్మోనియాన్ని ఇలా అణిచిపెట్టడం మా బడికే చెల్లిందని ఎవరైనా అనుకుంటే చరిత్ర తెలియనివాళ్ళే. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి జార్చి పలికే పలుకులు, దానిమీద పలకవని చెప్పి ఆకాశవాణి 1940లో దాన్ని రేడియో నుంచి వెలేసింది, 1971 దాకా మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఆకాశవాణికి కనీసం కారణమైనా ఉంది. మా బీరువాకు ఎలుకలున్నాయి.

ప్రార్థన విషయంలో మాత్రం బడి సాంకేతికంగా చాలా ముందుకెళ్ళింది. పూర్వం పిల్లలే పాడేవాళ్ళు. అరవై గొంతులు అరవై దారుల్లో పోతున్నాయని బ్లూటూత్ స్పీకర్ కొన్నారు. ఇప్పుడు పాడే పని సెల్‌ఫోన్‌ది, నిలబడే పని పిల్లలది. జాతీయగీతం నిర్ణీత వ్యవధి 52 సెకన్లు. సెల్‌ఫోన్ సరిగ్గా అంతే పాడుతుంది. మా పిల్లలు ఎండ బాగా ఉంటే నలభైలోనే ముగించేవాళ్ళు.

అదే గీతం బాణీకి స్వరాలు రాసింది మన మదనపల్లెలోని కాలేజీలోనే. అదీ 1919లోనే. టాగూర్ వచ్చి పాడితే, ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ కూర్చుని స్వరాలు కట్టి రాసిపెట్టింది. ఇంత శ్రమ పడి రాసింది మనుషులు పాడుకోవడానికే అయ్యుంటుందని నా ఊహ. మొన్న పంద్రాగస్టుకు సర్పంచి గారు జెండా ఎగరేశారు. ఫోన్‌లో 'జయహే' అయీ అవగానే, మధ్యలో గుక్క కూడా తిప్పుకోకుండా, బంగారం తాకట్టు పెట్టుకుని వెంటనే లోనిస్తామని ఒకావిడ తియ్యగా మొదలుపెట్టింది. సర్పంచి గారికి చెయ్యి దించాలో అలాగే ఉంచాలో తెలియలేదు. పిల్లలు అటెన్షన్‌లో ఉన్నారు. సైన్స్ మాస్టారు పరుగున వెళ్ళి ఫోన్ తీస్తే లాక్ పడి ఉంది. ప్యాటర్న్ తెలిసింది హెడ్మాస్టారికి ఒక్కరికే, ఆయనేమో సెల్యూట్‌లో ఉన్నారు. వడ్డీ రేటు, గ్రాముకు ఎంతిస్తారు, దగ్గర్లోని బ్రాంచి, అన్నీ విన్నాకే జిలేబీలు పంచారు. ఆ రోజు శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదు.

వీణ ముచ్చట కూడా చెప్పాలి. బొబ్బిలి వీణ అంటే దేశమంతా పేరు. గొల్లపల్లిలో పనస మాను ఒకటే తొలిచి చేస్తారు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పిల్లలు వీణలు చాలానే చూశారు. కాకపోతే వాళ్ళు చూసినవన్నీ అడుగు పొడవువి, గాజు పెట్టెలోవి. మా వైపు వచ్చిన ప్రతి పెద్దమనిషికీ శాలువాతో పాటు చేతిలో పెట్టే మెమెంటో అదే. ఐదో తరగతి పిల్లాణ్ణి వీణ ఎవరు వాయిస్తారని అడిగితే, "ఎవరూ వాయించరండి, మంత్రిగారికిస్తారు" అన్నాడు. జనరల్ నాలెడ్జ్‌లో ఆ పిల్లాడికి పూర్తి మార్కులు వేయాలి.

క్రమశిక్షణ ఇంత ఉన్నా అక్కడక్కడా సంగీతం తలెత్తుతూనే ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆరో తరగతి పిల్లలు స్టీలు పళ్ళేల మీద గరిటెలతో దరువు మొదలెడతారు. వంటావిడ పప్పు కలుపుతూ ఊడుపుల పాట ఎత్తుకుంటుంది, ఆమె గొంతు రోడ్డు దాకా వినబడుతుంది. ఈ రెంటినీ వెంటనే అణిచేస్తున్నారు కాబట్టి ఆందోళన అక్కర్లేదు.

అసలు సమస్య తొమ్మిదో తరగతి కుర్రాడొకడితో వచ్చింది. వాళ్ళ తాతకు తప్పెటగుళ్ళ బృందం ఉంది. ఈ కుర్రాడు గుల్లను, అంటే గుండ్రటి రేకు వాద్యాన్ని, ఛాతీకి కట్టుకుని, కాళ్ళకు గజ్జెలేసుకుని, రెండరచేతులతో వాయిస్తూ గాల్లోకి లేచి, దరువు తప్పకుండా మళ్ళీ అడుగు మీదికి దిగుతాడు. పాట నోటితో నడుస్తూనే ఉంటుంది. గంగమ్మ పండగలు, పైడితల్లమ్మ సిరిమాను రోజులు వస్తే వారం పది రోజులు బడికి రాడు. రిజిస్టర్లో వరసగా గైర్హాజరు. పైన చెప్పిన శాస్త్రీయ పద్ధతి ప్రకారం కళల్లో వాడికి సి వచ్చింది. మండలంలో వాడికంటే మంచి లయ ఉన్నవాడు లేడని ఊళ్ళో అంటారు, కానీ ఊరికి గ్రేడింగ్ అధికారం లేదు.

కేంద్రం 2015 నుంచి బడి పిల్లలకు కళా ఉత్సవ్ అని పోటీలు పెడుతోంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వాళ్ళకు. జానపదానికి కూడా అందులో చోటుంది. ఆ సర్క్యులర్ మా బడికి వాట్సాప్‌లో సాయంత్రం నాలుగింటికి వచ్చింది, పేర్లు ఐదింటిలోగా పంపాలి. గూగుల్ ఫారంలో వాద్యసంగీతం అన్నచోట సైన్స్ మాస్టారు 'నిల్' అని కొట్టి పంపేశారు. ఆయన టైపు చేస్తుండగా రామమందిరం వైపు నుంచి తప్పెట్లు వినిపిస్తున్నాయి. చెవికి ఇబ్బందిగా ఉందని కిటికీ మూయించారట. గాత్రానికి మాత్రం ఒకమ్మాయిని పంపారు. ఆమెకు పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇచ్చారు, మా వార్షిక నివేదికలో దాన్ని 'జిల్లా స్థాయి విజయం'గా నమోదు చేశాం.

శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః అన్నారు, పాట రుచి శిశువుకూ పశువుకూ పాముకూ కూడా తెలుస్తుందని. మా బడి ఆవరణలో ముగ్గురూ ఉన్నారు. అంగన్‌వాడీ శిశువులు, పడిపోయిన ప్రహరీ లోంచి వచ్చే పశువులు, వానాకాలం పాత సామాన్ల గదిలో పాములు. ఆ జాబితాలో తనిఖీ అధికారిని ఎందుకు చేర్చలేదో మొన్న అర్థమైంది.

"మ్యూజిక్ యాక్టివిటీ అవుతోందా మాస్టారూ?"

"అవుతోందండి."

"ఫొటోలు అప్‌లోడ్ చేశారా?"

"చేశామండి. జియోట్యాగ్‌తో."

"పిల్లలు చేతులు పైకెత్తినట్టు ఉందా? కిందటిసారి రిజెక్ట్ అయింది."

"ఎత్తారండి."

"గుడ్."

ఆ గుడ్ ప్రభావంతోనే వార్షికోత్సవం ఘనంగా చేశారు. ముఖ్య అతిథిని గేటు దగ్గర నుంచి స్టేజీ దాకా ఏదైనా జానపద కళతో తీసుకురమ్మని పై నుంచి సూచన. దాంతో ఆ తాతగారి బృందానికి కబురెళ్ళింది. వచ్చారు. అతిథి రెండు గంటలు ఆలస్యం, అందాకా ఎండలో గేటు దగ్గరే ఉన్నారు. కారు దిగగానే మొదలుపెట్టారు. కుర్రాడు ముందు వరసలో ఎగురుతుంటే అతిథి సెల్‌ఫోన్ తీసి వీడియో కూడా తీసుకున్నారు. స్టేజీ మెట్ల దగ్గర ఆపేయమని సైగ చేశారు. మైకులో 'సంగీతంలో మన పాఠశాల సాధించిన ప్రగతి' చదివారు. సైన్స్ మాస్టారికి శాలువా, అతిథికి అడుగు వీణ.

మర్నాడు హాజరు రిజిస్టర్ చూస్తే కుర్రాడి పేరు ఎదురుగా మళ్ళీ గైర్హాజరే ఉంది. క్లాస్ టీచరమ్మను అడిగాను. "గేటు దగ్గర ఉన్నాడని నాకూ తెలుసండి. కానీ హాజరు తీసింది క్లాసులో కదా" అంది.