పెళ్లి వీడియో ఆలస్యంపై ఒక గృహస్థుడి వివరణ

మా మేనకోడలి వివాహం 2013లో కాకినాడలో జరిగింది. ఆ వీడియో నేటికీ ఎడిటింగు దశలోనే ఉన్నదన్న సంగతి బంధువర్గంలో అనవసరమైన ఆందోళన రేపుతున్నందున, ఎడిటరుగా నా బాధ్యతను గుర్తెరిగి ఈ వివరణ ఇస్తున్నాను. పెళ్లికూతురి కొడుకు రెండో తరగతికి వచ్చాడన్నది వాస్తవమే. అయితే పిల్లవాడు పెరగడానికి, వీడియోను ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మార్చే ట్రాన్స్‌కోడింగు అక్కర లేదని విమర్శకులు గమనించాలి.

పెళ్లిని చిత్రీకరించినవాడు అమెరికా నుంచి వచ్చిన మా బావమరిది. అతని హైడెఫినిషన్ క్యామ్‌కార్డర్ ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో రికార్డు చేస్తుంది. సోనీ, పానసోనిక్ సంస్థలు కలిసి 2006లో ప్రకటించిన ఈ పద్ధతి టేపు బెడద వదిలించి, బొటనవేలి గోరంత కార్డులో గంటల కొద్దీ పెళ్లిని ఇముడుస్తుంది. టేపు రోజుల్లో గంటకో క్యాసెట్టు ఖర్చయ్యేది కాబట్టి తీసేవాడి చెయ్యి కాస్త వెనకాడేది. కార్డుకు ఆ మొహమాటం లేదు. ఫలితంగా నాకు 11 గంటల దృశ్యం అందింది. అందులో 40 నిమిషాలు, కెమెరా ఆపడం మరిచి మెడలో వేలాడేసుకుని తిరిగినప్పటివి. గచ్చు, చెప్పుల వరుసలు, ఒక సాంబారు బకెట్టు వాటిలో అద్భుతమైన స్పష్టతతో దర్శనమిస్తాయి. సాంబారులో మునక్కాడలు లెక్కపెట్టవచ్చు.

అంత చిన్న కార్డులో అంత పెళ్లి ఎలా పట్టిందన్న దాంట్లోనే నా కష్టాలకు మూలమున్నది. ఈ పద్ధతిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఏ అరసెకనుకో ఒక ఫ్రేము సొంత కాళ్ల మీద నిలబడుతుంది. తక్కినవన్నీ పెళ్లికి వచ్చిన దూరపు చుట్టాల బాపతు. "నువ్వెవరబ్బాయివి?" అని కంప్యూటరు అడిగితే, "నా ముందున్నాయనను అడగండి, నేనూ అచ్చం ఆయనలాగే ఉంటాను, కాకపోతే పురోహితుడి చెయ్యి కొంచెం పైకి లేచింది" అంటుంది. ఆ ముందాయన తన ముందాయనను చూపిస్తాడు. కొందరైతే తమ తరువాత రాబోయేవారి పేరు కూడా చెబుతారు. ఇటువంటి వంశవృక్షాన్ని మధ్యలో ఒకచోట కత్తిరించబోతే, అప్పటి నా డెస్క్‌టాప్ తెర తెల్లబోయి, మౌసు బాణం స్థానే గిరగిర తిరిగే చక్రం వెలిసేది.

దీనికి శాస్త్రం చెప్పిన విరుగుడు, ఫ్రేములన్నింటినీ స్వతంత్రులను చేయడం. గంటకు సుమారు 10.8 జీబీ ఉండే దృశ్యాన్ని డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ 145 అనే ఎడిటింగు పద్ధతిలోకి మారిస్తే గంటకు 65 జీబీ అవుతుంది. 11 గంటలకు లెక్క మీరే కట్టుకోండి. నేను కట్టి, హార్డ్‌డిస్కు కొన్నాను. ఆ వేసవంతా కంప్యూటరు రాత్రింబవళ్లు మార్పిడిలో ఉన్నందున ఆ గదిలో ఫ్యాను దానికే పెట్టవలసి వచ్చిందన్న మా ఆవిడ ఆరోపణను నేను ఖండించడం లేదు.

ఇంతలో విదేశీ వ్యవహారం ఒకటి బయటపడింది. అమెరికా కెమెరా సెకనుకు 60 సార్లకు రవ్వంత తక్కువగా దృశ్యాన్ని పట్టుకుంటుంది. మన పద్ధతి సెకనుకు 50. మన కరెంటుది కూడా 50 ఆవృత్తుల నడకే కావడంతో, కళ్యాణమండపంలోని ట్యూబులైట్లు మా బావమరిది కెమెరాకు కళ్లార్పుతున్నట్టు కనిపించాయి. అతని దృశ్యాన్ని స్థానిక వీడియోగ్రాఫరు 50 పద్ధతిలో తీసినదానితో ఒకే టైమ్‌లైనులో కలిపితే, బుట్టలో కూర్చోబెట్టుకుని మేనమామలు తీసుకొస్తున్న పెళ్లికూతురు గతుకుల రోడ్డు మీద వస్తున్నట్టు కదిలింది. మోసినవారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి, ఆ గతుకులు నావి కావని నిరూపించుకోవడం వ్యక్తిగతంగా కూడా అవసరమైంది. దానికి ఒక సంవత్సరం పట్టింది.

తలంబ్రాల ఘట్టం మరీ ఘోరం. ఇంటర్‌లేస్ పద్ధతిలో ఒక ఫ్రేముకు సరిగీతలు ఒక క్షణానివి, బేసిగీతలు మరో క్షణానివి. కదలనివారికి దానివల్ల నష్టమేమీ లేదు. మా పెద్దనాన్నగారు ఆ నాలుగు నిమిషాలూ నిద్రలో నిష్కల్మషంగా ఉన్నారు. ఎగిరే బియ్యపు గింజ మాత్రం ఒక్కొక్కటీ రెండుగా చీలి, అంచులు దువ్వెన పళ్లలా లేచాయి. గింజలను నేను ఒక్కొక్కటిగా సరిచేయబోయానని బంధువులలో వ్యాపించిన వదంతి నిజం కాదు. నేను చేసింది మొదటి దోసిలి వరకే.

ఇక అసలు ముహూర్తం. కార్డుమీద ఉండే ఫ్యాట్32 అనే, ఫైళ్లను భద్రపరిచే ఏర్పాటులో ఏ ఫైలూ 4 జీబీ దాటరాదు. సెకనుకు 24 మెగాబిట్ల చొప్పున తీస్తే, సుమారు 24 నిమిషాలకొకసారి కెమెరా తనంతట తాను ఒక ఫైలు ముగించి మరొకటి మొదలుపెడుతుంది. ఏ ఫైలు తరువాత ఏదో చెప్పే చిన్న ఫైళ్లు ఫోల్డర్లలో పక్కనే ఉంటాయి. అవి కిలోబైట్లలో ఉన్నాయని, ఏదో చెత్త అయి ఉంటుందని మా బావమరిది వాటిని కాపీ చేయకుండా కార్డును తుడిచేశాడు. మా ఆవిడ తమ్ముడు కాబట్టి ఈ అంశంపై ఇంతకంటె వ్యాఖ్యానించను. ఆ కోత సరిగ్గా "మాంగల్యం తంతు" దగ్గర పడింది. రెండు ఫైళ్లను అతికిస్తే ఆ అతుకులో కొన్ని ఫ్రేముల పాటు శబ్దం లేదు. ఆ ఖాళీలో, ఎదురుకోలు నాటి మేళం నుంచి ఒక డోలు దెబ్బ తెచ్చి పెట్టాను. ఇప్పుడు సిద్ధాంతిగారు "మాంగల్యం తంతు" అనగానే డోలు ఒకటి పడుతుంది, ఆపైన "నానేన" అంటారు. విన్నవారు ఇది మా వైపు ఆచారమా అని అడుగుతున్నారు.

మా అక్కయ్య మాత్రం ప్రతి పండక్కీ ఫోను చేసి, "ఏరా, ఆ క్యాసెట్టు ఎంతవరకు వచ్చిందిరా?" అంటుంది. క్యాసెట్టు కాదక్కయ్యా అని దిద్దడం మానేసి చాలాకాలమైంది. "రెండరింగులో ఉందక్కయ్యా, 97 శాతం" అంటాను. రెండరింగంటే కోతలూ అతుకులూ కలిపి కంప్యూటరు చివరి వీడియోను తయారుచేయడం. అది 97 దగ్గర ఆగిపోయిందని చెప్పను.

మొన్న ఆవిడ మనవడి పుట్టినరోజు వీడియో కూడా నాకే పంపింది. ఫోనుతో తీసింది, 4కే. ఫ్రేముల వేగం మధ్యమధ్యలో దానంతట అదే మారిపోతున్నది. పెళ్లి పూర్తి కాగానే దాన్ని చేపడతానని మాట ఇచ్చాను.