లోతు తెలియని తీర్పు

ప్రపంచంలోకెల్లా వికారమైన జంతువు ఏదో 2013లోనే తేలిపోయింది. అందంలేని జంతువులను కాపాడాలని బ్రిటన్‌లో ఏర్పడిన ఒక సంఘం ఓటింగ్ పెట్టగా, బ్లాబ్‌ఫిష్ అనే చేప ఘనవిజయం సాధించింది. పాండాల మీద కురిసే జాలిలో కొంత ముద్దురాని ప్రాణులకూ దక్కాలన్న ఆ సంఘం ఆశయం మంచిదే కనుక దాన్ని ఏమీ అనను. నా పేచీ అంతా ఆ ఫొటోతోనే. గులాబీ రంగు ముద్ద, జారిపోయిన ముక్కు, ఉసూరుమనే మూతి ఉన్న ఆ ఫొటోను మీరూ ఎవరికో పంపి నవ్వుకునే ఉంటారు.

2003లో న్యూజిలాండ్‌కు వాయవ్యాన, వెయ్యి మీటర్లకు పైగా లోతు నుంచి పరిశోధకుల వల ఆ ఫొటోలోని చేపను పైకి లాగింది. సముద్రంలో ప్రతి పది మీటర్లకూ, నేల మీద గాలి మన మీద మోపేంత ఒత్తిడి చొప్పున పెరుగుతుంది కనుక, అక్కడ మన మీద ఉన్నదానికి నూరు రెట్లకు మించిన ఒత్తిడి ఉంటుంది. చేపలను తేల్చే గాలితిత్తి లేని ఈ చేప, నీటికన్నా కాస్త తేలికైన జిగురు కండతో నేలకు కొంచెం పైన శ్రమ లేకుండా తేలుతూ, ఎదుటికి వచ్చిన పీతనో నత్తనో మింగుతుంది. దాని ఆకారాన్ని నిలబెట్టేది చుట్టూ ఉన్న నీరే.

ఇక పెళ్లిచూపులు. మగపెళ్లివారు పడవ డెక్కు మీద కూర్చుని, బజ్జీలు తింటూ, పిల్లను వలలో చుట్టి తెమ్మంటారు. దారిలో తోటి చేపల బరువు కింద నలిగి, చర్మం చిరిగి, నీటి ఊతం పోయి, పిల్ల కుప్పకూలుతుంది. వరుడి మేనత్త కళ్లజోడు సవరించుకుని, "ముఖంలో కళ లేదు వదినా" అంటుంది. ముక్కు మరీ జారిందని మామగారు తేలుస్తారు. పెళ్లిళ్ల పేరయ్య మాత్రం, "వాళ్ల ఊళ్లో చూస్తే చక్కని పిల్లండీ, తల కాస్త పెద్దదంతే" అని నచ్చజెప్పబోతాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ ఊరికి దిగి చూసే ఓపిక ఎవరికుంది? కట్నం సంగతి తేలకముందే పిల్లను సీసాలో పెట్టి సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియానికి పంపేస్తారు.

పరిశోధకులు పట్టింది ఒక్కదాన్ని. చేపల వ్యాపారులు ఆరెంజ్ రఫీ కోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సముద్రాల అడుగున ఉన్న కొండల మీద బరువైన వలలను ఈడుస్తారు. ఆ రఫీ రెండు వందల ఏళ్లకు పైగా బతకగల చేప. శతాబ్దాలుగా పెరిగిన పగడాలు ఆ వల కింద ఒక్క పూటలో పొడి అవుతాయి. అదే వలలో పడే బ్లాబ్‌ఫిష్‌ను కొనేవాడు లేడు, తినేవాడు లేడు, చచ్చాక పారేయడమే. చంపినవాడే శవం ముఖం బాగాలేదని నవ్వడం ఏ జాతి సంస్కారం? ఆ నవ్వుకు బహుమతి కూడానా?

2025లో న్యూజిలాండ్‌లో ప్రజలు ఓట్లేసి బ్లాబ్‌ఫిష్‌ను ఆ ఏటి మేటి చేపగా ఎన్నుకున్నారు. రెండో స్థానం ఆరెంజ్ రఫీది. ఒకే వలలో పడే ఇద్దరికీ ఒకేసారి సన్మానం చేసిన ఆ దేశం, సముద్రపు కొండల మీద ఆ వలను మాత్రం ఇంకా పూర్తిగా నిషేధించలేదు.